సింగపూర్‌లో చైమ్స్ చాపెల్‌ని తీరిగ్గా చూడటం ఎలా

ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో సింగపూర్ వస్తే మనందరి జాబితా ఒకటే. మెర్లయన్, గార్డెన్స్ బై ద బే, సెంటోసా, తిరుగు ప్రయాణానికి ముందు ముస్తఫాలో షాపింగ్. నేను ఈ జాబితాకి ఇంకో సాయంత్రం కలుపుతాను: విక్టోరియా స్ట్రీట్‌లోని చైమ్స్. అది ఒకప్పుడు ఫ్రెంచి సన్యాసినులు నడిపిన కాన్వెంటు. ఆవరణ మధ్యలో గోథిక్ చాపెల్ ఉంటుంది, అంటే ఐరోపా పాతకాలపు మొన కమానుల శైలిలో కట్టిన ప్రార్థన మందిరం. ఇప్పుడు ఆ చాపెల్ పెళ్లిళ్లకీ కచేరీలకీ కంపెనీ విందులకీ అద్దెకిచ్చే హాలు. చుట్టూ వరండాల వెంట రెస్టారెంట్లు, బార్లు. చాలామంది పచ్చిక మీద నిలబడి, శిఖరం వెనక పడేలా ఒక సెల్ఫీ దిగి, మెనూ కార్డులో ధరలు చూసి పది నిమిషాల్లో బయటపడతారు. అక్కడ రెండు గంటలు ఎలా గడపాలో చెబుతాను. ఆవరణలోకి టికెట్ లేదు, ఏదో ఒకటి కొనాలన్న రూలూ లేదు.

నేను క్వాంటిటీ సర్వేయర్‌ని. కట్టడంలో ఎంత ఇటుక, ఎంత ప్లాస్టర్, ఎంత ఖర్చు అని లెక్క కట్టే ఉద్యోగం. అందుకని నా చూపు మనుషుల కంటే ముందు స్తంభాల మీదకి పోతుంది. ఆ వాసన ఈ రాతలో కొంచెం తగులుతుంది, సర్దుకోండి.

ఏ రోజు, ఏ టైముకి

వారం మధ్యలో, సాయంత్రం ఐదింటికి చేరేలా వెళ్లండి. ఏడున్నర వరకు ఉండండి. సింగపూర్ భూమధ్యరేఖకి ఆనుకుని ఉంది కాబట్టి ఏడాది పొడవునా ఏడింటికి అటూ ఇటూగానే పొద్దుగూకుతుంది. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే చాలు, కిటికీల రెండు ముఖాలూ ఒకే ట్రిప్పులో చూడొచ్చు.

మెదక్ చర్చి చూసినవాళ్లకి ఈ సంగతి తెలుసు. అక్కడ యేసు జననం, శిలువ, ఆరోహణం చెప్పే పెద్ద రంగుటద్దాల కిటికీలు పగలే కనిపిస్తాయి. సూర్యుడి వెలుగు బయటి నుంచి లోపలికి రావాలి, మనం లోపల ఉండాలి. చీకటి పడితే లోపల ఎన్ని దీపాలు పెట్టినా అద్దం నల్లగానే ఉంటుంది. చైమ్స్‌లోనూ పగటిపూట బయటి నుంచి చూస్తే ఆ అద్దాలు దుమ్ము పట్టినట్టు, ఏ రంగూ లేనట్టు ఉంటాయి. కానీ ఇప్పుడది హాలు. సాయంత్రం ఏదైనా కార్యక్రమం ఉంటే లోపల లైట్లు వెలుగుతాయి, రంగులన్నీ బయట వరండాలోకి వస్తాయి. ప్రార్థనలు ఆగిపోయి విందులు మొదలవడం వల్ల దారిన పోయేవాడికి దక్కిన లాభం ఇది. కాదంటే అబద్ధం.

శనివారాలు వద్దు. పెళ్లిళ్లుంటాయి, తలుపుల దగ్గరికి కూడా రానివ్వరు. శుక్రవారం రాత్రి అయితే బార్లలో పాటల హోరుకి పెద్దవాళ్లకి చిరాకు. వాన గురించి మాత్రం టెన్షన్ పడొద్దు. చాపెల్ చుట్టూ పైకప్పున్న వరండాలే, అసలు చూడాల్సిన వాటిలో సగం అక్కడే ఉన్నాయి.

ఏ వైపు నుంచి మొదలుపెట్టాలి

సిటీ హాల్ ఎంఆర్‌టీ (మెట్రో రైలు) స్టేషన్‌లో దిగి, రాఫెల్స్ సిటీ మాల్ గుండా ఏసీలోనే నడిచి నార్త్ బ్రిడ్జ్ రోడ్డుకి రండి. రోడ్డుకి అవతలే చైమ్స్. ఎదురుగా కనిపించే దారిలోంచి లోపలికి వెళ్లాలనిపిస్తుంది. వెళ్లొద్దు. బ్రాస్ బసా రోడ్డు పట్టుకుని, గోడ వెంటే చుట్టు తిరిగి విక్టోరియా స్ట్రీట్ వైపుకి రండి. ఆ మూల దగ్గర గోడలో ఒక చిన్న గేటు ఉంటుంది. గేట్ ఆఫ్ హోప్ అంటారు. పెద్దగా ఆర్భాటం ఉండదు, వెతుక్కోవాలి, సెక్యూరిటీ వాళ్లని అడిగితే చూపిస్తారు.

పెంచలేని పసిపిల్లల్ని తల్లులు ఈ గేటు దగ్గర వదిలి వెళ్లేవాళ్లు. కాన్వెంటు వాళ్లు లోపలికి తీసుకెళ్లి పెంచేవాళ్లు. ఎక్కువగా ఆడపిల్లలే. పేదరికం ఒక కారణం. ఇంకోటి, చైనా పంచాంగం ప్రకారం పులి సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల ఇంటికి అరిష్టమని నమ్మేవాళ్లు. ఇది చెప్పగానే మా అత్తగారు "మనవాళ్లు మూలా నక్షత్రం అంటారే, అలాగన్నమాట" అన్నారు. నేను అరగంట చెప్పినా రాని అర్థం ఆ ఒక్క మాటలో వచ్చింది. మీతో వచ్చిన పెద్దవాళ్లకి కూడా ఇక్కడి నుంచే కథ మొదలుపెట్టండి. ముందు పచ్చిక, ఫౌంటెన్, సెల్ఫీ అయిపోయాక ఈ గేటు దగ్గరికొస్తే అదొక పాత గేటు, అంతే. ముందు ఈ గేటు చూసి లోపలికి వెళ్తే ఆ వరండాల్లో ఎవరు పరుగెత్తి ఉంటారో తెలిసి నడుస్తారు.

కథ క్లుప్తంగా ఇది. ఫాదర్ బ్యూరెల్ అనే ఫ్రెంచి మిషనరీ ఇక్కడి ఒక ఇల్లు కొని పెట్టాడు. 1854 ఫిబ్రవరిలో మదర్ మటిల్డ్ ఇంకొందరు సన్యాసినులతో వచ్చి ఆ ఇంట్లో దిగింది. ఆడపిల్లలకి బడీ, అనాథలకి ఆశ్రమమూ ఒకే గోడల మధ్య మొదలయ్యాయి. దాదాపు 130 ఏళ్లు నడిచాయి. 1983 నవంబరులో చాపెల్‌లో ఆఖరి ప్రార్థన జరిగింది, బడి టోవా పాయో అనే పేటకి మారిపోయింది. 1990లో చాపెల్‌నీ, ఆ పాత ఇంటినీ జాతీయ కట్టడాలుగా ప్రకటించారు. మరమ్మతులు పూర్తయి 1996లో చైమ్స్ పేరుతో జనానికి తెరిచారు.

కాల్డ్‌వెల్ హౌస్ దగ్గర ఐదు నిమిషాలు

ఆ కొన్న ఇల్లే కాల్డ్‌వెల్ హౌస్. 1840-41లో కట్టింది, మొత్తం ఆవరణలో అన్నిటికన్నా పాతది. తెల్లటి రెండంతస్తుల ఇల్లు, ముందుకి అర్ధచంద్రాకారంలో పొడుచుకొచ్చిన భాగం ఒకటుంటుంది. ఆ మేడ మీది గుండ్రటి గదిలో కూర్చుని సన్యాసినులు కుట్టుపని చేసుకునేవాళ్లు, చదువుకునేవాళ్లు. గీసినవాడు జార్జ్ కోల్‌మన్. హిల్ స్ట్రీట్‌లో ఉన్న ఆర్మీనియన్ చర్చి కూడా ఆయనదే. లోపల ఈ రోజు ఏ వ్యాపారం నడుస్తున్నా పట్టించుకోకండి, బయటి నుంచి ఆ వంపు చూస్తే చాలు. ఇందులో గోథిక్ ఏమీ లేదు. కమానులన్నీ గుండ్రం, గోడలు నిరాడంబరం. ఇది చూసి చాపెల్ వైపు తిరిగితే తేడా ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

చాపెల్ బయట: ముందు తల పైకెత్తండి

ఈ చాపెల్ డిజైన్ చేసింది ఒక మతగురువు. ఫాదర్ చార్ల్స్ బెనెడిక్ట్ నేన్, ఫ్రెంచి మిషన్‌వాడు. ఇక్కడికి నాలుగడుగుల దూరంలో బ్రాస్ బసా రోడ్డు మీద ఉన్న పాత సెయింట్ జోసెఫ్స్ బడికి చేతులు చాచినట్టు ఉండే రెండు వంపు భాగాలు గీసిందీ ఆయనే. చాపెల్ 1904లో ప్రతిష్ఠ అయింది. అంటే ఐరోపాలో గోథిక్ పుట్టిన ఏడొందల ఏళ్లకి, తరచూ వాన కురిసే ఉష్ణమండలపు దీవిలో, ఆ పాత పద్ధతి గుర్తుచేసుకుంటూ కట్టారు. పన్నెండో శతాబ్దపు కట్టడం అని ఇంట్లోవాళ్లకి పొరపాటున చెప్పేయకండి.

ప్రవేశం మీద అయిదంతస్తుల శిఖరం. దాని పక్కల ఏటవాలుగా, మధ్యలో గాలి ఆడేలా ఖాళీ వదిలి కట్టిన ఆనుడు గోడలు కనిపిస్తాయి. వాటిని ఫ్లయింగ్ బట్రెస్ అంటారు. వంపు తిరిగిన కప్పు బరువు కిందకే కాదు, పక్కలకి కూడా తోస్తుంది. పందిరి గుంజ ఒరగకుండా పక్కన ఏటవాలుగా పోటు పెడతామే, ఇదీ అదే పని. గోథిక్‌లో తెలివంతా ఇక్కడుంది. బరువు మోసే పని గోడ నుంచి తీసి ఈ పోటులకీ స్తంభాలకీ అప్పజెప్పారు. మోయాల్సిన పని లేని గోడని కోసి కిటికీ చేసుకోవచ్చు, దాన్నిండా రంగుటద్దం పెట్టుకోవచ్చు. మొన కమాను కూడా అందుకే. గుండ్రటి కమాను కన్నా మొన ఉన్న కమాను పక్కలకి తక్కువ తోస్తుంది. పిల్లలకి ఈ ముక్క చెప్పి, మొన కమానులు ఎన్ని కనపడతాయో లెక్కపెట్టమంటే పది నిమిషాలు మనకి ప్రశాంతం.

ఫొటో తీసేటప్పుడు శిఖరం మొత్తం పట్టాలని ఫోన్‌లో 0.5 లెన్స్ పెట్టుకుని దగ్గర నిలబడితే శిఖరం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. పచ్చిక చివరి వరకు వెనక్కి వెళ్లి, ఫోన్ నిలువుగా, వంచకుండా పట్టుకుని మామూలు లెన్స్‌తో తీయండి. పైన మిగిలిపోయిన ఆకాశాన్ని తరవాత కత్తిరించుకోవచ్చు.

స్తంభాల తలలు

నన్నడిగితే అసలు సంగతి ఇదే. హాలు తాళం వేసి ఉన్నా పోయేదేం లేదనేది అందుకే. చాపెల్‌లోనూ చుట్టూ ఉన్న వరండాల్లోనూ కలిపి స్తంభాల తలకట్లు, అంటే స్తంభం పైన చెక్కడం ఉండే భాగాలు, 648 ఉన్నాయి. ఒకదానిలా ఇంకొకటి ఉండదని చెబుతారు. ఐరోపా చర్చిల్లో అయితే అక్కడి ఆకులు, అక్కడి తీగలు చెక్కుతారు. ఇక్కడ ఉష్ణమండలపు మొక్కలు, పువ్వులు, పక్షులు. ఫ్రాన్సు నుంచి వచ్చిన నమూనాని యథాతథంగా దించకుండా, కిటికీలోంచి కనిపించే చెట్టుని స్తంభం మీద పెట్టారు. మన అమ్మమ్మలు పెరట్లో ఉన్న చెట్టుని గుర్తుపట్టినట్టు ఇక్కడ ఆకుల్ని గుర్తుపడతారు. పెద్దవాళ్లని వదిలేయండి, వాళ్లే "ఇది ఫలానా ఆకు" అంటూ వాదించుకుంటారు. వాళ్లు చెప్పింది తప్పయినా వాదించకండి.

ఎలా చూడాలంటే, వరండా మధ్యలో నడవకండి. ఒక వరస స్తంభాలు ఎంచుకుని, ఒక్కో దాని దగ్గరా ఆగి, నాలుగు వైపులా తిరగండి. మెడ నొప్పి పుడుతుంది కాబట్టి ఫోన్‌లో రెండు రెట్లు జూమ్ చేసి తెర మీద చూడటం సుఖం. ముందు ఆకులు కనపడతాయి, కాసేపటికి వాటి మధ్య పక్షులు దొరుకుతాయి. సాయంత్రం వెలుతురు పక్క నుంచి పడేటప్పుడు నీడలు ఏర్పడి చెక్కడం బాగా లేస్తుంది. నడినెత్తిన ఎండలో అంతా చదునుగా, తెల్లగా కనిపిస్తుంది. మా అబ్బాయికీ వాడి స్నేహితులకీ పందెం పెట్టాను: అచ్చం ఒకేలా ఉన్న రెండు తలకట్లు చూపిస్తే ఐస్‌క్రీమ్. ఇప్పటిదాకా నా డబ్బులు నాకే మిగిలాయి.

ముట్టుకోవద్దని మాత్రం చెప్పండి. చేతి చెమట, నూనె ప్లాస్టర్‌కి పడవు. ఒక్కరు ముడితే ఏం కాదు, అందరూ అదే అనుకుంటారు.

లోపలికి వెళ్లడం ఎలా

గ్యారంటీ ఏమీ లేదు. బుకింగ్ లేని రోజు కూడా తాళం ఉండొచ్చు. పనిచేసే మార్గాలు మూడు. ఒకటి, ముందే హాలు చూసుకునే ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి, ఫలానా రోజు కార్యక్రమం లేకపోతే ఐదు నిమిషాలు చూడనిస్తారా అని అడగడం. రెండు, పెళ్లికి స్టేజీ కట్టేవాళ్లూ పూలవాళ్లూ సామాను దించే టైములో తలుపులు తెరిచి ఉంటాయి. అడ్డం రాకుండా గుమ్మం దగ్గర నిలబడి చూసి పోతామంటే సాధారణంగా ఎవరూ కాదనరు. కాదంటే వెంటనే వచ్చేయండి, వాళ్ల పని వాళ్లది. మూడు, అక్కడ జరిగే కచేరీకో ప్రదర్శనకో టికెట్ కొనడం. నాకు మూడోదే ఇష్టం. మిగతా రెండిట్లో నిలబడి చూస్తాం, ఇందులో కూర్చుని చూస్తాం. అంత ఎత్తు కప్పు కింద గొంతు ఎలా సాగుతుందో కూడా వినొచ్చు.

లోపల అడుగు పెట్టగానే ఫోన్ తీయకండి. ముందు కప్పు, తరవాత రెండు పక్కలా వరసగా పోయే స్తంభాలు, ఆ తరవాత కిటికీలు. ఆ రంగుటద్దాలు బెల్జియంలోని బ్రూజ్ నగరంలో జూల్స్ డొబ్బెలేర్ చేయించి పంపినవి. ఓడెక్కి ఇంత దూరం వచ్చాయి. మరమ్మతు సమయంలో వాటిని బాగుచేసి మళ్లీ అక్కడే బిగించారు. అద్దం ముక్కల మధ్య నల్లగా కనిపించే గీతలు బొమ్మలో భాగం కాదు, ముక్కల్ని కలిపి పట్టుకునే సీసం పట్టీలు. దగ్గరగా చూసే అవకాశం వస్తే అవి చూడండి. ఏ ముక్క ఎక్కడ ఆపాలో, సీసం గీత ముఖం మీద పడకుండా ఎలా తప్పించాలో ఆలోచించినవాడి పనితనం అక్కడ తెలుస్తుంది.

గుమ్మం దగ్గర మా అత్తగారు ఆగిపోయారు. "ఏమ్మా, చెప్పులు విప్పాలా?" "అక్కర్లేదత్తయ్యా, ఇప్పుడిది హాలే." "ఒకప్పుడు దేవుడున్న చోటేగా" అని ఆవిడ విప్పేశారు. ఎవరూ ఏమీ అనలేదు. మీ ఇంట్లోవాళ్లు అడిగినా వాళ్లిష్టానికే వదిలేయండి. మతపరంగా చూస్తే చాపెల్ హోదా తీసేశారు కాబట్టి ఏ మతం వాళ్లయినా, ఏ మతం లేనివాళ్లయినా అక్కడ పెళ్లి చేసుకోవచ్చు. 2018లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో పెళ్లి సీను ఇక్కడే తీశాక, వధూవరుల తాకిడి ఇంకా పెరిగిందని చుట్టుపక్కల వినిపిస్తుంది.

కొత్త పని పాత గోడల మధ్య ఎలా కూర్చుందో చూడండి

ఇది నా వృత్తి పిచ్చి, ఓపిక ఉన్నవాళ్లకే. చాపెల్ పక్కన కింద అంతస్తులో రాళ్లు పరిచిన ఆవరణ కనిపిస్తుంది. కాన్వెంటు రోజుల్లో అది లేదు. మరమ్మతులప్పుడు నేలని తవ్వి చేశారు. రెస్టారెంట్లకి చోటు కావాలి, కానీ శిఖరానికి పోటీగా కొత్త కట్టడం లేవకూడదు. అందుకని పైకి కాకుండా కిందకి వెళ్లారు. పాత కట్టడం పునాదుల పక్కన తవ్వడమంటే ఎంత గుండె ధైర్యం కావాలో మా సైటువాళ్లని అడగండి. ఫ్రాన్సులో చారిత్రక కట్టడాల పనిచేసే దిదియే రెపెలాన్ ఈ పనికి సలహాదారు. 2002లో యునెస్కో ఆసియా పసిఫిక్ పరిరక్షణ పురస్కారాల్లో దీనికి మెరిట్ పురస్కారం దక్కింది.

లైట్లు, స్పీకర్లు, ఏసీ గొట్టాలు ఎక్కడ పెట్టారో వెతకండి. పాత గోడకి మేకు కొట్టారా, నేల మీద నిలబెట్టారా? రేపు తీసేస్తే మచ్చ మిగులుతుందా లేదా? పాత కట్టడాన్ని వేరే పనికి వాడేటప్పుడు నేను వేసే ప్రశ్న ఈ ఒక్కటే. అనాథలు పెరిగిన చోట బీరు గ్లాసులేంటని బాధపడేవాళ్లున్నారు. ఆ బాధ నాకూ అర్థమవుతుంది, గేటు దగ్గర నిలబడి వచ్చాక మరీ. కానీ సున్నం రాలుతున్న గోడకి ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి. అద్దె కట్టే హోటలు వెళ్లిపోతే ఇంకోటి వస్తుంది. ఉత్త మ్యూజియంగా వదిలితే ఎవరూ రాని గదులకి కూడా పైకప్పు మరమ్మతు తప్పదు. మన ఊళ్లలో బోర్డు తగిలించి తాళం వేసిన పాత బంగళాలు నాకు చాలా తెలుసు, వాటి కన్నా ఇదే నయం. గేట్ ఆఫ్ హోప్ ముందు మాత్రం బల్లలూ కుర్చీలూ వేయనంత కాలం నా ఓటు దీనికే.

పెద్దవాళ్లతో వెళ్తే

కింది ఆవరణకి మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులుంటే పై వరండాలతోనే సరిపెట్టండి, నష్టం ఏమీ లేదు. వానపడితే రాతి నేల జారుతుంది. బాత్‌రూమ్ పని రాఫెల్స్ సిటీలోనే చూసుకుని రండి. మంచినీళ్లు వెంట ఉంచుకోండి. శాకాహారులైతే ఇక్కడ తినాలని ప్రయత్నించొద్దు. దొరకదని కాదు, దొరికిన దాని ధర రూపాయల్లోకి మార్చి నాన్నగారు ఆ రాత్రంతా చెబుతూనే ఉంటారు.

కాస్త ముందుగా, నాలుగింటికే రాగలిగితే, స్టేషన్ పక్కనే ఉన్న సెయింట్ ఆండ్రూస్ కెథీడ్రల్ మొదట చూడండి. ఇదీ గోథిక్కే, 1856 నుంచి 1861 వరకు కట్టారు, ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చర్చి. కూలీలు ఇండియా నుంచి తెచ్చిన ఖైదీలు. గోడలకి పూసింది మద్రాసు సున్నం. గవ్వల సున్నంలో కోడిగుడ్ల తెల్లసొనా ముతక చక్కెరా కలిపి ముద్దగా నూరి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లు పోసి చేసేవాళ్లు. ఆరాక రాయితో రుద్ది మెరుగు పెట్టేవాళ్లు. మన కోస్తా, సీమ జిల్లాలు కూడా ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఈ గోడ పక్కన నిలబెట్టి ఆ సంగతి చెబితే, అప్పటిదాకా "ఇంకెంత సేపు" అన్న మా మామగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మరీ చూశారు.

భోజనానికి సిటీ హాల్ నుంచి ఒక్క స్టేషన్ వెళ్తే దోబీ ఘాట్. అక్కడ ఊదారంగు లైన్‌కి మారితే తరవాతి స్టేషనే లిటిల్ ఇండియా. సెరంగూన్ రోడ్డులో ఇడ్లీ సాంబారు రాత్రి వరకు దొరుకుతుంది. ముస్తఫా కూడా ఆ దగ్గరే, లగేజీ బరువు చూసుకుని దిగండి.